రొద లేని రేడియో

నాకు నోరెక్కువ అని వేలూరు దగ్గర గుడియాత్తంలో మా వీధి వీధంతా అంటుంది. అననీ. నోరు మూగబోతే ఏమవుతుందో ఒక మధ్యాహ్నం నేను కళ్ళారా చూశాను, వాళ్ళు చూడలేదు.

నా పేరు అంబుజం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేశాను. చెక్క చట్రంలో పుల్లలు పేర్చడం నా పని. పేర్చాక చట్రాన్ని బల్ల మీద రెండుసార్లు టక్ టక్‌మని తట్టాలి. అప్పుడే పుల్లల తలలన్నీ ఒక మట్టానికి వస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ శబ్దమే. చివరికి ఇంట్లో పప్పు డబ్బా తీసినా రెండుసార్లు తట్టి గానీ కింద పెట్టేదాన్ని కాదు. నిద్రలో కూడా మంచం పట్టె మీద తడుతున్నావని మా ఆయన చిన్నరాజు ఎగతాళి చేసేవాడు.

తొంభై ఆరులో గోపాలకృష్ణన్ అనే ఆయన మా వీధి చివర ఒక రేకుల షెడ్డులో వైర్‌లెస్ రేడియోలు బిగించే చిన్న కంపెనీ పెట్టాడు. చేతిలో పట్టుకుని బటన్ నొక్కి మాట్లాడే రేడియోలు అవి. అంతకుముందు బయటి దేశపు సామాను కావాలంటే అనుమతి కోసం ఢిల్లీ చుట్టూ తిరగాల్సి వచ్చేదట. ఇప్పుడు ఒక ఫోను కొడితే మూడు వారాల్లో మద్రాసులో దిగుతోందని ఆయన సంబరపడేవాడు. అగ్గిపుల్లలు పేర్చిన ఆడవాళ్ళ వేళ్ళు చురుగ్గా ఉంటాయని మమ్మల్ని పన్నెండు మందిని పనిలోకి తీసుకున్నాడు. అందరిలోకీ వేగం నాదే, కాబట్టి పెత్తనం కూడా నాదే.

ఆ వచ్చే సామానులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆసిలేటర్. చింతగింజంత తగరపు డబ్బీ, దానికి నాలుగు సన్నటి కాళ్ళు. గొంతును ఒకే శ్రుతిలో నిలబెట్టేది అదేనని మా ఇంజనీరు సురేంద్రన్ మొదట్లోనే చెప్పాడు. పాత రకానికి రొద ఎక్కువ. రేడియో పెట్టగానే పెనం మీద నీళ్ళు చల్లినట్టు బుస్సుమంటూనే ఉండేది, ఆ బుసలోంచి మాటను ఏరుకోవాలి. కొత్త రకానికి రొదే లేదు. మాట తప్ప ఇంకేమీ వినబడదు. ఈ సంగతి చెప్పి, ఏదో శిక్షణ కోసం అతను రెండు నెలలు బెంగళూరు వెళ్ళిపోయాడు. ఎలా పట్టుకోవాలో, ఎలా పట్టుకోకూడదో మాత్రం చెప్పలేదు.

చెప్పకపోతే నాకు రాదా? ఆ ఆసిలేటర్లను ఒక డబ్బా మూతలో పోసి, కాళ్ళన్నీ కిందికి వచ్చేలా పేర్చి, బల్ల మీద టక్ టక్‌మని రెండుసార్లు తట్టాను. నాలుగు కాళ్ళూ సమంగా నిలిచాయి. రేడియో పలక రంధ్రాల్లో దించడం సులువైపోయింది. గోపాలకృష్ణన్ చూసి, "అబ్బా, అంబుజం చెయ్యే చెయ్యి" అని మెచ్చుకున్నాడు. మిగతా పదకొండు మందికీ నేనే దగ్గర కూర్చుని నేర్పించాను. తట్టనివాళ్ళను తిట్టాను కూడా. అంజలై మెల్లగా తడుతుంటే, "ఏమ్మే, పసిబిడ్డను జోకొడతా ఉండావా? గట్టిగా తట్టు" అన్నాను.

మా ఆయన కణియంబాడి అవతల ఒక రాతి క్వారీలో పనిచేసేవాడు. మా వాళ్ళందరిదీ రాయి, సున్నం, కట్టుబడి పనే. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, సోమవారం తెల్లవారుజామున వెళ్ళేవాడు. ఒక ఆదివారం అన్నం తింటూ తెగ మురిసిపోయాడు.

"మే, నీ రేడియో మా క్వారీకి వచ్చేసినాది."

"నా రేడియో ఏంది?"

"మీ కంపెనీదే గదా! కాంట్రాక్టరు పది కొన్యాడు. రంగరాజులన్న కొండ మీద ఒకటి పెట్టుకున్నాడు, గుంతలో నా దగ్గిర ఒకటుండాది. పక్కన కూచోని మాట్లాడినట్టే ఉండాది మే. బుస్సు లేదు, గుర్రు లేదు. మా ఇంటామె చేసిందని అందరికీ చెప్పినాను."

రంగరాజులు వాళ్ళ మేస్త్రి. మాకు దూరపు చుట్టం, మా ఆయనకు అన్న వరస. మందు కూరిన రాయికి వత్తి ముట్టించేది అతనే. రోజూ ఒంటిగంటకు, కూలీలంతా గుంతలోంచి అన్నానికి పైకెళ్ళాక వెడి, అంటే ఆ మందు, పేల్చేవారు. గుంతలో ఎవరైనా మిగిలారేమో చివరగా చూసి బయటపడే పని మా ఆయనది. ఎవరైనా మిగిలితే ఎర్ర జెండా ఎత్తేవాడు. జెండా కనబడకపోతే రంగరాజులు విజిల్ వేసి వత్తి ముట్టించేవాడు. ఇప్పుడు గుంత లోతైపోయి జెండా పైకి కనబడటం లేదు. అందుకని రేడియో.

"మరి నువ్వు రేడియోలో ఏమీ మాట్లాడకపోతే?" అని అడిగాను.

"మాట్లాడకపోతే అంతా సరి అని అర్థం. ముట్టించేస్తాడు. జెండా కాలం నుంచి అంతే గదా" అన్నాడు.

నేను గర్వంతో ఇంకో గరిటె కూర వేశాను. బుద్ధి లేనిదాన్ని.

మర్నాడు సోమవారం. మా ఆయన చీకటితోనే వెళ్ళిపోయాడు. నేను తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చుని మూతలో ఆసిలేటర్లు పేర్చి టక్ టక్‌మని తడుతుండగా సురేంద్రన్ లోపలికి వచ్చాడు. బెంగళూరు నుంచి అప్పుడే దిగాడు, భుజం మీద సంచి కూడా తియ్యలేదు.

"అక్కా! ఏం చేస్తా ఉండారు?"

"కాళ్ళు సమం చేస్తా ఉండాను నాయనా."

"ఎన్నాళ్ళుగా ఇట్ల తడతా ఉండారు?"

"మొదటి దినం నుంచే. అందరికీ నేర్పించింది నేనే" అన్నాను గొప్పగా.

అతను నా చేతిలో మూత మెల్లగా, రెండు చేతులతో అందుకున్నాడు. ఒక డబ్బీని పట్టుకారుతో విప్పి భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. లోపల ఉల్లిపొరంత పలచటి స్ఫటికపు పలక ఉంది, రెండు బంక చుక్కల మీద నిలబడి. దాని అంచున వెంట్రుకంత గీత ఉంది.

"అది పగులు అక్కా. పాత రకం మొద్దుది, తట్టినా తట్టుకునేది. ఇది తట్టుకోదు."

"అన్నీ పరీక్షలో పాసయినాయే! నేనే చూసినాను!"

"చల్లగా ఉంటే పాసవుతాయి" అని, అల్మారాలోంచి ఐదు రేడియోలు తీశాడు. బల్ల మీది లైటు కిందికి వంచి, బల్బు వేడి తగిలేలా పక్కపక్కన పెట్టాడు. ఆరోది తాను పట్టుకుని గది అవతలికి వెళ్ళి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఐదింట్లోనూ అతని గొంతు చక్కగా వినిపించింది. అమ్మయ్య అనుకున్నాను. నూరయ్యాక మళ్ళీ మొదటి నుంచి, పావుగంట అలాగే లెక్కపెడుతూ పోయాడు. అంజలై ముందున్న రేడియో "నలభై ఆరు" అంది. మేమంతా నలభై ఏడు కోసం చూశాం. రాలేదు. గది అవతల సురేంద్రన్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి ఇంకొకటి ఆగింది. ఆ తర్వాత మూడోది.

"వేడెక్కితే మూగబోతాయి. చల్లబడితే మళ్ళీ మాట్లాడతాయి" అన్నాడు సురేంద్రన్. "పాత రేడియో చచ్చిపోతే బుస ఆగిపోతాది, వెంటనే తెలిసిపోతాది. ఇది రొద చెయ్యనిది. బతికుండాదో లేదో వినేవాళ్ళకు తెలియనే తెలియదు."

మాట్లాడకపోతే అంతా సరి అని అర్థం. మా ఆయన గొంతు నా చెవిలోనే పలికింది. గోడ మీద గడియారం చూశాను. పది.

గోపాలకృష్ణన్ పరుగున వచ్చాడు. సంగతి విని కుర్చీలో కూలబడి, "అంబుజం, గోల చెయ్యొద్దమ్మా. బయట తెలిస్తే కంపెనీ మూతపడతాది, పన్నెండు మందీ ఇంట్లో కూచోవాల. రెండు దినాల్లో అన్నీ వెనక్కి తెప్పిస్తాను" అన్నాడు.

"రెండు దినాలా! ఒంటిగంటకు మా ఆయన గుంతలో ఉంటాడయ్యా! ఆ రేడియో పట్టుకోని ఎండలో ఉంటాడు!"

ఆయన చెడ్డవాడేమీ కాదు. వెంటనే వేలూరులో కాంట్రాక్టరు ఆఫీసుకు ఫోను కొట్టాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. క్వారీలో ఫోను లేదు. సురేంద్రన్ నా చెయ్యి పట్టుకుని, "పదండక్కా, సీక్రం. వేలూరు దాకా కలిసి పోదాం. నేను ఆఫీసుకు పోతాను, మీరు క్వారీకి పొండి" అన్నాడు.

ఆ బస్సు ప్రయాణం నా పగవాళ్ళకు కూడా వద్దు. పళ్ళికొండ దగ్గర ఒక లారీ రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. డ్రైవరు బీడీ వెలిగించుకుని తాపీగా కిందికి దిగాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి నాకు తెలిసిన తిట్లన్నీ తెలుగులోనూ అరవంలోనూ తిట్టాను. కిటికీలోంచి వచ్చే గాలి అప్పటికే వేడిగా ఉంది. ఇదే ఎండ అక్కడా కాస్తోంది, గుంతలో రాళ్ళ మధ్య ఇంకా ఎక్కువ కాస్తోంది. ఉన్నట్టుండి చూసుకుంటే నా కుడిచెయ్యి ముందు సీటు కమ్మీ మీద టక్ టక్‌మని తడుతోంది. ఆ చెయ్యిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

వేలూరు బస్టాండులో దిగేసరికి పన్నెండు కావస్తోంది. సురేంద్రన్ ఆఫీసు వైపు పరిగెత్తాడు. నేను కణియంబాడి బస్సెక్కాను. కణియంబాడిలో దిగి పరిగెడుతుంటే ఒక ట్రాక్టరు వాడు పాపం అని ఎక్కించుకుని, క్వారీ బాట మొదట్లో దింపాడు. టైమెంతైందని అడిగితే ఒంటిగంటకు పది నిమిషాలుందన్నాడు.

అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి కొండ చుట్టూ తిరిగి పైన రంగరాజులు ఉండే చోటికి పోతుంది, దానికి అరగంట పడుతుంది. రెండోది లారీలు వెళ్ళే బాట, తిన్నగా గుంతలోకి. నేను ఇంకేమీ ఆలోచించలేదు. చెప్పులు తీసి పారేసి గుంతలోకి పరిగెత్తాను.

గుంతలో కూలీలెవరూ లేరు. మా ఆయన ఒక్కడే, తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి నడిచి వస్తున్నాడు. రేడియో నడుముకు వేలాడుతోంది, దాని నల్లటి మూత ఎండకు మెరుస్తోంది. నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"అంబుజం! యాడ నుంచి వచ్చినావు? ఏమైనాది? ఇంట్లో ఎవరికేమైనాది?"

నాకు ఊపిరి అందడం లేదు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఊరంతా వినబడే నా నోరు, ఆ క్షణంలో పెగల్లేదు! మోకాళ్ళ మీద పడిపోయాను. అతను వెంటనే రేడియో తీసి బటన్ నొక్కాడు.

"అన్నా, ఆగు. ముట్టించొద్దు. మా ఇంటామె వచ్చి పడిపోయినాది. ఆగు."

బటన్ వదిలాడు. జవాబేమీ రాలేదు. జవాబు చెప్పే అలవాటు వాళ్ళకు లేదు, జెండా జవాబు చెప్పేది కాదు గదా. అతను నిశ్చింతగా రేడియో నడుముకు తగిలించుకుని, నన్ను చంకల కింద చేతులు వేసి లేపి, నీడలోకి నడిపించాడు. అక్కడ ఉన్న నీడ ఒక్కటే. మందు కూరిన రాతి గోడ నీడ. నా తలకు పైన వరుసగా రంధ్రాలు, వాటిలోంచి పైకి, కొండ అంచు దాకా పాకిన వత్తులు.

"నీళ్ళు తాగు మే. నిదానంగా చెప్పు. ఆగమన్నాను, ఇంక తొందరేమీ లేదు" అని సీసా నోటికి పెట్టాడు.

నేను సీసాను తోసేసి అతని నడుము దగ్గర రేడియో పట్టుకున్నాను. చెయ్యి కాలింది. చెవికి ఆనించుకున్నాను. ఏమీ లేదు. రొద లేదు, బుస లేదు, మాట లేదు.

అప్పుడు పైన విజిల్ వినబడింది. పొడుగ్గా, మూడుసార్లు.

"అన్న ఊరికే వేసినాడు. ముట్టించడులే" అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

"ముట్టిస్తాడు" అన్నాను. గొంతు ఎలా వచ్చిందో నాకే తెలియదు. "నీ మాట పోలేదయ్యా. అది చచ్చిపోయినాది. పరిగెత్తు!"

"పొద్దున బాగా మాట్లాడిందే! నువ్వు చేసిందాని మీద నీకే నమ్మకం లేదా?"

వెర్రివాడు. నా మీద నమ్మకంతో అక్కడే నిలబడ్డాడు. చెయ్యి పట్టి లాగితే కదలలేదు, నాకు ఎండదెబ్బ తగిలిందని అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. పైన ఎక్కడో సర్‌మని సన్నగా చప్పుడు మొదలైంది. అతన్ని కదిలించే మాట ఒక్కటే ఉందని నాకు అర్థమైంది. అది చెప్పడానికి చావంత భయం వేసింది, అయినా చెప్పాను.

"నేనే పగలగొట్టినాను! పుల్లలు తట్టినట్టు తట్టి అన్నిటినీ నేనే పగలగొట్టినాను! నమ్మొద్దు నన్ను! నా చేతి పనిని నమ్మొద్దు!"

అతను నా మొహంలోకి చూశాడు. నా మీద అంతదాకా ఉన్నదేదో ఆ చూపులోంచి పోవడం నేను చూశాను. తర్వాత నా రెక్క పట్టుకుని పరిగెత్తాడు. నా కాళ్ళు నేలకు ఆనాయో లేదో తెలియదు. లారీ బాట పక్కన ఒక పెద్ద బండ ఉంది, దాని వెనక్కి నన్ను తోసి మీద పడ్డాడు. వెంటనే భూమి ఎగిరింది. కళ్ళు మూసుకుని పడి ఉంటే చుట్టూ రాళ్ళు పడుతూనే ఉన్నాయి, ఎంతసేపో. మేము నీళ్ళు తాగిన చోట రాళ్ళ గుట్ట తప్ప ఇంకేమీ మిగల్లేదు.

దుమ్ము అణిగాక పైనున్నవాళ్ళంతా పరిగెత్తుకుంటూ దిగి వచ్చారు. అందరికన్నా ముందు రంగరాజులు. గుంతలోంచి మేమిద్దరం నడిచి రావడం చూసి అతను అక్కడే కూర్చుండిపోయాడు. చేతిలో రేడియో అలాగే ఉంది.

"నువ్వేమీ చెప్పలేదే, నాయనా! అంతా సరి అనుకుంటిని! ఒక్క మాట అన్నా వచ్చింటే..." అని తల కొట్టుకుని ఏడ్చాడు. ముప్పై మంది నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. అందరూ మా వాళ్ళే, మా పెళ్ళికి వచ్చినవాళ్ళే.

మా ఆయన మడమ చీరుకుపోయి నెత్తురు కారుతోంది. నా వైపు చూడలేదు. రంగరాజులు భుజం మీద చెయ్యి వేసి, "నాదే తప్పు అన్నా" అన్నాడు. "ఈమెను చూసిన కంగారులో బటన్ నొక్కడం మరిచిపోయినాను. రేడియో మంచిదే."

నా కోసం అబద్ధమాడాడు. పది నిమిషాల క్రితం నా చెయ్యి అతన్ని చంపబోయిందని తెలిసి కూడా, ముప్పై మంది ముందు నా పరువు కాపాడటానికి తప్పు నెత్తిన వేసుకున్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ అబద్ధం నాకు చల్లగా తగిలింది. ఔనని ఊరుకుంటే చాలు. కంపెనీ ఉంటుంది, పన్నెండు మందికీ పని ఉంటుంది, నన్ను ఎవరూ వేలెత్తి చూపరు. రంగరాజులు కళ్ళు తుడుచుకుని లేచి, "సరి, పోనీలే. రేపట్నుంచి గట్టిగా నొక్కు నాయనా" అన్నాడు.

రేపట్నుంచి.

"అబద్ధం" అన్నాను.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అంబుజం, ఊరుకో" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా.

"నేను ఊరుకుంటే రేపు మళ్ళీ ముట్టిస్తాడు" అన్నాను, అందరికీ వినబడేలా. "ఈయన బటన్ నొక్కినాడు. మాట్లాడినాడు కూడా. మీ చేతుల్లో ఉండేవన్నీ నేను పగలగొట్టినవే. పది రేడియోలు కొన్నారు, ఇక్కడ రెండే ఉండాయి. మిగతా ఎనిమిదీ ఎవరి దగ్గిర ఉండాయి?"

ఎవరూ మాట్లాడలేదు.

"నోరు తెరిచి చెప్పండి!" అని అరిచాను. "ఏ కొండ మీద ఉండాయి? ఎన్ని గంటలకు ముట్టిస్తారు?"

గుంపులో వెనక నిలబడ్డ క్వారీ లారీ డ్రైవరు ముందుకొచ్చాడు.

"నాలుగు ఆలంగాయం క్వారీకి నేనే ఇచ్చి వచ్చినానమ్మా" అన్నాడు. "అక్కడ మూడింటికి."